నాలుగో దండ

మా పెద్ద తమ్ముడు పోయాడన్న కబురు నాకు శ్రీకూర్మంలో అందింది. దర్శనం అయి, ప్రసాదం చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నాను. మరదలు ఫోను చేసింది. పాతపట్నంలో పెళ్ళిపందిరికి లైట్లు కడుతూ, నిచ్చెన దిగి, మంచినీళ్ళు అడిగాడట. గ్లాసు తెచ్చేలోపే ఒరిగిపోయాడట. ఆ ప్రసాదం ఏం చేశానో నాకు గుర్తులేదు.

మూడు నెలలైంది. వాడు వెలిగించిన వీధులు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆ వీధుల్లో నడిచిన మీ కోసం ఈ నాలుగు మాటలు.

అమ్మ పోయేనాటికి మేం నలుగురం. పెద్దదాన్ని నేను. నా తరవాత వాడు, వాడి తరవాత ఇద్దరు. నా పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నేనే పక్కన పెట్టాను. కొన్నాళ్ళకి ఎవరూ ఎత్తలేదు. నాన్న కిరాణా కొట్టు చూసుకునేవారు, నేను ఇల్లు. తమ్ముడు ఐటీఐ చదివి, రాజాంలో పెళ్ళిళ్ళకీ అమ్మవారి సంబరాలకీ లైట్లు కట్టే పని పెట్టుకున్నాడు.

వాడికి కరెంటు వచ్చు, భాగహారం రాదు. నాకు భాగహారం వచ్చు, కరెంటు రాదు. అందుకని పొద్దున్నే నా పూజ అయ్యేదాకా అరుగు మీద కాచుకుని కూర్చునేవాడు. బల్బుల దండను ప్లగ్గులో పెట్టి, మీటరు చూసి రెండు అంకెలు చెప్పేవాడు. ఓల్టులు, ఆంపియర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆ దండ కరెంటుకి ఎంత అడ్డుపడుతోందో తెలిసేది. రెండూ హెచ్చవేస్తే ఎంత తాగుతోందో తెలిసేది. ఒకసారి దశాంశ చుక్క తప్పు చోట పెట్టాను. "అప్పా, నువ్వు సెప్పినంత తాగితే ఈపాటికి మనిల్లు తగలడిపోయేది" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

బల్బు ఒక్కోటి ఆరు ఓల్టులది. పుస్తకం ప్రకారం లైన్లో రెండొందల నలభై ఓల్టులు, దండకి నలభై బల్బులు ఉండాలి. కానీ మిల్లులు ఆడే ఊరు మాది, కరెంటంతా అవే లాగేసేవి. దీపాల వేళకి నూట ఎనభై ఓల్టులు వస్తే గొప్ప. నలభై పెడితే నిప్పుకణికల్లా ఎర్రగా మిణుకుమనేవి. అందుకే ముప్పైకి కుదించాడు. నూట ఎనభై ఓల్టులు, పాయింట్ ఒకటి ఆంపియరు. అడ్డుపడేది పద్దెనిమిది వందల ఓములు, తాగేది పద్దెనిమిది వాట్లు. ఈ లెక్క నాకు స్తోత్రంలా నోటికి వచ్చేసింది.

ఒక ఏడు సంబరానికి ముందు గుడి కమిటీ పెద్దాయన మా గుమ్మంలోకే వచ్చి చెప్పి వెళ్ళారు. "ఒరే, పూజయ్యేదాకా ఒక్క దండ ఆరినా, వచ్చే ఏడు విశాఖ ఎల్ఈడీలోళ్ళకి సెప్తాను." గుడి పని పోతే దాన్ని చూసి వచ్చే పెళ్ళిళ్ళ పనులూ పోతాయి. వాడికి అదొక్కటే జీవనం.

కట్టేముందు స్తంభం దగ్గర ఓల్టేజీ చూసుకోవడం వాడి అలవాటు. సంబరం నాటి మధ్యాహ్నం చూసి వచ్చి, "రెండొందల నలభై ఉన్నాది" అన్నాడు. సంబరమని మిల్లులన్నీ మూసేశారు. ఆ సంగతి అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టలేదు. నేను లెక్క వేశాను. పద్దెనిమిది వాట్లు తాగే దండ ముప్పైరెండు తాగుతుంది.

"వేడెక్కితే అడ్డం కొంత పెరుగుతాది. అయినా బల్బులు నిలవవప్పా," అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. కొత్త బల్బులు కొందామంటే కొట్లన్నీ కట్టేసి ఉన్నాయి.

అమ్మవారిని తలుచుకుని కాగితం మళ్ళీ తీశాను. నాలుగు ముప్పైలు నూట ఇరవై. మూడు నలభైలూ నూట ఇరవయ్యే. ప్రతి నాలుగు దండల్లో ఒకదాన్ని మూడు ముక్కలుగా తుంచి, మిగతా మూడింటికీ తలా పది బల్బులు కలిపితే సరి. వాడికి చూపించాను.

నాలుగో దండని చేతిలోకి తీసుకుని, కట్టరు పెట్టబోయి ఆగాడు. "మనింట్లో నువ్వు సేసింది ఇదే కదప్పా" అన్నాడు.

నేను టేపు అందించాను. నాకు ఏ బాధా లేదురా అని ఒక్కమాట అని ఉండాల్సింది. అనలేదు. అనడానికి ఇంకా చాలా రోజులున్నాయి అనుకున్నాను.

మొదటి దండ అతికి, వెలిగించి చూశాడు. పాయింట్ ఒకటి ఆంపియరే. ఇరవై నాలుగు వాట్లు. ఒక్కో బల్బు తాగేది మాత్రం ఎప్పటంతే. మరదలూ మేమిద్దరం కూర్చుని పొద్దు వాలేలోగా అన్నీ అతికాం. అరవై దండలు నలభై అయిదయ్యాయి. గుడికి, పెద్దవీధికి సరిపోయాయి. తక్కువపడింది మా ఇంటి ముందే.

కమిటీ పెద్దాయన అటుగా వెళ్తూ, "ఏటిరా, ఊరంతా ఎలిగించి నీ గుమ్మంలో సీకటేటి?" అన్నారు. "మా అప్ప దీపం పెడతాది లెండి" అన్నాడు వీడు.

పూజ ముగిసేదాకా ఒక్క దండా ఆరలేదు. మరుసటి ఏడూ వాణ్ణే పిలిచారు. బల్బులకి కొరత లేకపోయినా, అప్పటి నుంచి సంబరానికి మా ఇంటి ముందు వాడు దండ కట్టలేదు. పనయ్యాక వచ్చి ఆ చీకట్లో నా పక్కన కూర్చునేవాడు. వీధి మలుపు దాకా వెలుగు చూసేవాళ్ళం.

ఈ ఏడు మాకు పండగ లేదు. లైట్లు కట్టడానికి ఎవరో కొత్తవాళ్ళు వచ్చారు. రెండిళ్ళ అవతలే ఆపమని అడిగాను. ఆపారు. డప్పులు గుడి వైపు వెళ్ళిపోయాక అరుగు మీదికి వచ్చి, ఒక పక్కకి జరిగి కూర్చున్నాను.