మొదటి చీటీ నంబరు

వరంగల్ మిర్చి యార్డులో మా చిన్నాయన గుమాస్తాగా పనిచేసే అడ్తి (కమీషన్) దుకాణంలో కంప్యూటర్ అంటే ఒక నల్లతెర. దాని మీద ప్రోగ్రాం పేరు, పక్కనే చీటీ నంబరు, రైతు పేరు, బస్తాలు వరసగా కొడితే కాంటా చీటీ అచ్చవుతుంది. వరస తప్పిందా, రైతు పేరు ఉండాల్సిన చోట బస్తాల లెక్క పడుతుంది. కళ్ళు మందగించిన చిన్నాయన తరచూ వరస తప్పేవాడు. చీటీలు సరిగ్గా రాకపోతే కంపెనీ మిషన్ తెప్పిస్తానని, ఇక నువ్వు ఇంటికి పోవచ్చని దుకాణం యజమాని సేటు అనేశాడు.

"జర అల్కగ చేసియ్యి బిడ్డా" అని చిన్నాయన నన్నడిగాడు. హసన్‌పర్తి కాలేజీలో పైథాన్ నేర్చుకున్నదాన్ని, ఇదెంత పని అనుకున్నాను. కొట్టిన మాటల్ని వరసను బట్టి విడదీసే పాత కోడంతా పారేసి, ఆ పనిని పైథాన్‌తో పాటే వచ్చే రెడీమేడ్ కోడుకు, అంటే లైబ్రరీకి అప్పగించాను. ఇక ప్రతిదానికీ ముందు దాని పేరు కొడితే చాలు, వరస ఎట్లున్నా ఫర్వాలేదు. నంబరు చోట అంకె మాత్రమే ఉండాలని కూడా పెట్టాను. ఇంట్లో ఎన్నిసార్లు నడిపినా ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "మొదటి చీటీ వస్తలేదు బిడ్డా, ఇంగ్లీషుల ఏందో అంటాంది."

నేను బస్సు దిగి ఉరికేసరికి చీటీలు శుభ్రంగా వస్తున్నాయి! మొదటిది మాత్రం చేత్తో రాసిచ్చాడట.

"ఏం కొట్టినవ్ చిన్నాయనా?"

"నువ్వు చెప్పినట్టే కొట్టిన."

ఆ మరునాడూ అంతే. మొదటిది రాదు, మిగతావి వస్తాయి. ఇదేం గోసరా దేవుడా! కంప్యూటర్‌కు కూడా పొద్దున్నే నిద్రమత్తు ఉంటుందా? ప్రింటర్ తీగ మార్చాను. కోడ్ మొదటి నుంచి చదివాను, మళ్ళీ చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వల్లే ఆయన నౌకరీ పోతుందేమోనని ఏడుపొచ్చింది.

మూడో రోజు దుకాణం తెరిచేసరికే పోయి చిన్నాయన పక్కన కూర్చున్నాను. సేటు మా వెనకే నిలబడ్డాడు. "ఇయ్యాల గూడ ఆగిందంటే కంపెనీ వాళ్ళకు ఫోన్ కొడ్త" అన్నాడు. మొదటి రైతు మిర్చి కాంటా ఎక్కింది. చిన్నాయన 'నంబరు' అని కొట్టి, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో 'లాభం' అని కొట్టాడు. అంకె కావాలంటూ ప్రోగ్రాం ఆగిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. కాంటా దగ్గర హమాలీలు ఒకటి అనరు. కలిసిరావాలని లాభం, రెండు, మూడు అని లెక్కపెడతారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పాత ప్రోగ్రాం ఏది కొడితే దాన్నే అచ్చేసేది కాబట్టి ఎప్పుడూ అడ్డం రాలేదు.

"ఒకటి కొట్టు చిన్నాయనా! నౌకరీ పోతది!"

ఆయన చేతులు కీబోర్డు మీదికి పోలేదు. "బోణీ చీటీ మీద ఒకటని ఎట్ల కొడ్త బిడ్డా? రైతు ముంగట నిలవడ్డడు. నౌకరీ పోతె పోనియ్యి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇదేం మొండితనం! బతిమాలుకుందామని సేటు వైపు తిరిగాను. ఆయన చిన్నాయనను గుడ్లురిమి చూస్తున్నాడు.

"ఒకటని కొట్టినవనుకో, అప్పుడు పంపిస్త ఇంటికి" అన్నాడు.

ఎవరు ఎవరి పక్షమో నాకేమీ తెలియలేదు. గబగబా కోడ్ తెరిచి లాభం కొట్టినా ఒప్పుకునేటట్టు మార్చాను. చీటీ వచ్చింది. చిన్నాయన దాన్ని రైతు చేతిలో పెట్టి, మా ఇద్దరికీ వీపు తిప్పి నిలబడి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.