మూడో గీత

చీకటి మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఇళ్లలో సినిమా ప్రొజెక్టర్లు బిగించడం ఆయన పని. పనికి వెళ్లిన ప్రతిచోటా నల్ల చొక్కా, నల్ల ప్యాంటు. తెల్ల చొక్కా మీద పడ్డ వెలుగు తిరిగి తెర మీద వాలి నలుపును పాడుచేస్తుందని ఆయన పట్టుదల. ఇంటి యజమానైనా సరే, భుజాన తెల్ల తువ్వాలుతో గదిలోకి వస్తే బయటికి పంపించేవాడు. పద్దెనిమిదేళ్లలో బొమ్మ బాగాలేదని ఒక్క ఇంటి నుంచీ ఫోన్ రాలేదని చెప్పుకునేవాడు, ఎవరూ అడగకపోయినా.

అలాంటివాడికి సొంత అక్క ఇంట్లో పరువు పోయింది. అమ్మ పోయాక తనకు అన్నం పెట్టి పెంచిన అక్క. పొద్దుటా సాయంత్రమూ స్కూలు వ్యాను నడిపి అలిసిపోయే మనిషి కాస్త కాళ్లు చాపుకుని సినిమా చూస్తుందని ముచ్చటపడి బిగించాడు. వారం తిరక్కుండా ఆమె ఫోన్ చేసింది.

"చీకటి సీనొస్తే ఏమీ కనపడట్లేదురా. ఎవడు ఎవణ్ని పొడిచాడో మీ బావ చెబితే గానీ తెలీలేదు."

రెండోసారి వెళ్లి గామా సవరించాడు. నలుపు నుంచి తెలుపుకి ఎక్కే మెట్లు ఎలా ఉండాలో చెప్పేదే గామా. ఆ అంకె పెంచితే నీడల్లో ఉన్నవన్నీ తారులో ముంచినట్టు మునిగిపోతాయి, మరీ తగ్గిస్తే నలుపు కాస్తా బూడిదవుతుంది. సరిచూడటానికి మాస్టారి దగ్గర ఒక పరీక్ష బొమ్మ ఉంది. నల్లటి తెర మీద పది నిలువు గీతలు, ఎడమ నుంచి కుడికి ఒక్కోటీ పిసరంత తెల్లబడుతూ పోతాయి. మొదటి రెండూ నలుపులో కలిసిపోవాలి, మూడోది లీలగా కనిపించాలి. వెలుగు కొలిచే మీటరు ఎన్ని అంకెలు చూపించినా సరే, ఆ ఇంటివాళ్లు తమ కళ్లతో గీతలు లెక్కపెట్టి చెప్పేదాకా ఆయన పెట్టె సర్దేవాడు కాదు.

బావ గడగడా లెక్కపెట్టాడు. "ఎడమపక్క రెండూ కలిసిపోయాయి. మూడో గీత నుంచి అన్నీ ఉన్నాయి." అక్క మాత్రం చాలాసేపు చూసి, "చివరిది ఒకటి ఉందేమో" అంది.

"ఉందేమో ఏంటక్కా! సరిగ్గా చూడు. చిన్నపిల్లలు కూడా చెబుతారు" అని కసిరాడు మాస్టారు. బావ నవ్వి, "ఓసారి కళ్లు చూపించుకోవే" అన్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. మాస్టారు మాత్రం ఆమె కోసం గామా ఇంకా తగ్గించాడు. మర్నాడు బావ ఫోన్: "బావమరిదీ, రాత్రి సీన్లన్నీ మంచు పట్టినట్టున్నాయయ్యా." అక్కకు మాత్రం అప్పటికీ కనపడలేదట.

అందుకే ఈ మూడోసారి రావడం. ఆయనకు ఒళ్లు మండిపోతోంది. మధ్యాహ్నం రెండింటికి కిటికీలకు నల్లగుడ్డ కట్టి, బావ తెల్ల బనీను విప్పించి, ప్రొజెక్టరులో ఉన్న అమరికలన్నీ చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. పైకప్పుకి తలకిందులుగా వేలాడే యంత్రం కదా, చెరపగానే బొమ్మ తిరగబడింది. కోపంలో మెనూ గబగబా నొక్కి సరిచేశాడు. గంటసేపు తెర వైపు చూడకుండా లాప్‌టాప్‌లో మీటరు అంకెలతో కుస్తీపట్టి, గీతల బొమ్మ వేసి, యంత్రం కింద స్టూలు మీద నిలబడే అడిగాడు.

"అక్కా, లెక్కపెట్టు. ఈసారి తప్పు నాదైతే ఈ పనే మానేస్తాను."

అక్క ఈసారి తడుముకోలేదు. "ఎడమపక్క రెండూ కలిసిపోయాయి. మూడో గీత నుంచి అన్నీ ఉన్నాయి. చాలా బాగుందిరా."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. బావ మాత్రం తల గోక్కున్నాడు. "ఎడమపక్కేంటే? కలిసిపోయినవి కుడిపక్క కదా?"

మాస్టారు తెర వైపు చూశాడు. నిజమే. మెనూ తెరిస్తే అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు ఉన్నాయి. కోపంలో, ప్రొజెక్టరు తెర వెనక ఉన్నప్పుడు వాడే అమరిక నొక్కాడు. బొమ్మ మొత్తానికి కుడి ఎడమలు మారిపోయాయి. కొత్తగా పనిలో చేరినవాడు కూడా చెయ్యని తప్పు. తనను తాను తిట్టుకుంటూ నవ్వబోయి ఆగిపోయాడు. గీతలు తిరగబడి ఉంటే, అక్క ఏం చూసి చెప్పింది?

"అక్కా, తెర మీద ఇప్పుడేం కనపడుతోంది?"

"లైటెయ్యరా. వ్యాను టైమైంది."

"ఏం కనపడుతోందే?"

"ఏమీ లేదు" అంది అక్క. "నల్లగా ఉంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"వేసవి సెలవుల ముందు నుంచి. ఎండలో బాగానే ఉంటుందిరా. నీడలోకి వస్తేనే. మొన్న లైసెన్సు రెన్యువల్ అప్పుడు కూడా వెలుతుర్లో అక్షరాలు చదివించారు, చదివాను. చీకట్లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు."

మాస్టారికి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇంత దాచిందని ఆమె మీద. మూడుసార్లు వచ్చి నీడలన్నీ మీటరుతో కొలిచి, పక్కన కూర్చున్న అక్కను మాత్రం కసిరానని తన మీద. గోడకున్న వ్యాను తాళం తీసుకున్నాడు.

"నీకు రూటు తెలీదు" అంది అక్క.

"పక్కన కూర్చుని చెప్పు."

చెప్పింది. స్కూలు దగ్గర పద్నాలుగు మంది ఎక్కారు. మలుపు రాకముందే కుడి అంది, గుంత రాకముందే నెమ్మది అంది. వీధులన్నీ ఆమెకు కంఠతా ఉన్నాయి. రైలు వంతెన దగ్గరికి రాగానే మాత్రం గొంతు తగ్గింది.

"ఇక్కడేరా కష్టం. ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి పోతాం. స్టీరింగు కదపకుండా పది లెక్కపెడితే మళ్లీ వెలుతురు వస్తుంది. పిల్లలకు ఆటని చెప్పాను."

వ్యాను వంతెన కిందికి దూరింది. వెనక పద్నాలుగు గొంతులు ఒక్కసారిగా ఒకటి అన్నాయి. రెండు. మూడు. నాలుగు దగ్గర, గోడవారగా ఒక ముసలాయన సైకిల్ నడిపించుకుంటూ పోతున్నాడు. మాస్టారు బ్రేకు తొక్కి, అతను ముందుకు సాగేదాకా ఆగాడు. పక్కన అక్క ఎదర అద్దంలోంచి సూటిగా ఆ ముసలాయన వైపే చూస్తోంది.

"ఎందుకాపావురా?" అంది.