తప్పెట మోగని మెరవణి

మగవాళ్ళ వార్డులో కొత్తగా చేరిన ముసలాయన పేరు చూసి హన్నమ్మ చీటీని మళ్ళీ ఒకసారి చదివింది. దూదేకుల బుడేన్, బనగానపల్లె. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మూతి ఒక పక్కకు లాగేసింది. నంద్యాల ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నర్సుపని చేసి ఎన్ని చావుబతుకులు చూసిందో హన్నమ్మ! అలాంటి మనిషికి ఆ మంచం దగ్గరికి పోవడానికి కాళ్ళు రాలేదు. అది ఎనభైమూడో సంవత్సరం, వానాకాలం.

మంచం పక్కన బుడేన్ కూతురు ఫాతిమా రాగిజావ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆయన గోడవైపు తిరిగి పళ్ళు బిగబట్టి పడుకున్నాడు. మింగడానికి గొంతులో లోపమేమీ లేదు, మనిషే నోరు తెరవడం లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. "సాయంత్రం దాకా చూద్దాం. ఆ తర్వాత ముక్కులో గొట్టమే. బతకాలని లేని మనిషిని గొట్టంతో ఎన్నాళ్ళు నిలబెడతాం?" అని విసుక్కుని పోయాడు.

ఫాతిమా తలెత్తి చూసింది. చూడగానే ఆమె మొహం మాడిపోయింది.

"నువ్వు సంజీవయ్య బిడ్డవు గదా? మా నాయన మీద నీ చెయ్యి పడనీయను. పో ఆడికి!"

పాపం, ఆమె కోపంలో అన్యాయమేమీ లేదు. ఒకప్పుడు ఆళ్ళగడ్డలో బుడేన్ సన్నాయి, సంజీవయ్య తప్పెట లేకుండా పెండ్లి గానీ, జాతర గానీ, పీర్ల పండగ గానీ జరిగిందా? జరిగితే అది పండగేనా? సంజీవయ్యది కూలి బతుకు. ఆదివారం చర్చిలో వెనక వరసలో బుద్ధిగా కూర్చునేవాడు, మిగతా రోజుల్లో ఎవరు పిలిచినా తప్పెట చంకన వేసుకుని పోయేవాడు. వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. గడ్డిమంట మీద తప్పెట కాచి, సంజీవయ్య ముందు ఒక వరుస కొట్టాలి. ఆ వరుసలో చివరి దెబ్బ వెంటనే పడదు. ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, వినేవాళ్ళ ప్రాణం ఉగ్గబట్టించి అప్పుడు పడుతుంది. అది పడేదాకా బుడేన్ సన్నాయి నోట పెట్టడు. ఎంత పెద్ద మోతుబరి తొందరపెట్టినా "మా అన్న పిలవనీ" అనేవాడు.

డెబ్భైరెండులో ఫాతిమా పెండ్లి అయింది. బిడ్డ మెరవణికి తానే ఊదుతానని బుడేన్ పట్టుబట్టాడు. బండి కట్టారు, పూలు చుట్టారు, పెండ్లికొడుకు ఎక్కి కూర్చున్నాడు. సంజీవయ్య రాలేదు. సన్నాయి చేతిలో పట్టుకుని బుడేన్ వీధి మొగదలకేసి చూస్తూ నిలబడ్డాడు. మగపెండ్లివాళ్ళు మొదట గొణిగారు, తర్వాత మొహం మీదే ఎకసెక్కాలాడారు. పొద్దు వాలింది. చివరికి ఆ మెరవణి చావు ఊరేగింపు కన్నా అన్యాయంగా, చప్పుడు లేకుండా కదిలింది. ఆ నెలలోనే బుడేన్ అల్లుడి ఊరు బనగానపల్లెకు మకాం ఎత్తేశాడు. సన్నాయి మళ్ళీ ముట్టలేదు.

సంజీవయ్య ఎందుకు పోలేదో హన్నమ్మకు తెలుసు. పెండ్లికి ముందురోజు చర్చి సంఘపెద్ద జ్ఞానప్రకాశం ఇంటి ముందుకొచ్చి, "నీ చంకలో ఆ జాతర్ల తప్పెట ఉన్నంతకాలం నీ కూతురి నర్సు ట్రైనింగుకు నేను సిఫారసు రాయను" అని కరాఖండిగా చెప్పడం ఆమె చెవులారా విన్నది. నాయన ఆ పూటే తప్పెటను అటక మీద పడేశాడు. పోయి బుడేన్ చిన్నాయనకు సంగతి చెప్పమని ఎన్నిసార్లు మొత్తుకుందో! "ఏమని చెప్పల్ల? నీ బిడ్డ పెండ్లి కన్నా నా బిడ్డ సదువే ఎక్కువైందని చెప్పల్లనా?" అనేవాడు. అలాగే నోరు మూసుకుని, ఆళ్ళగడ్డలోనే రెండేళ్ళ కింద చనిపోయాడు.

ఇదంతా చెప్పేద్దామని హన్నమ్మ ఫాతిమాను వరండాలోకి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "అక్కా, మా నాయన ల్యాడు ఇప్పుడు" అని మొదలుపెట్టిందో లేదో, ఫాతిమా ఆమె నోరు మూసింది.

"నాకు తెలుసు. అప్పుడే బస్సులో ఎవరో చెప్పినారు. మా నాయనకు మాత్రం చెప్పల్యా. పైకి తిడతాడు గానీ, పొద్దున లేస్తే సంజీవన్న వస్తాడేమోనని వాకిలికల్లా చూస్తాండాడు. తెలిస్తే ఆ పొద్దే పోతాడు. ఈడ నోరు జారినావంటే నీ చేతులారా చంపినట్టే, చెప్తాండా."

హన్నమ్మకు ఏం చేయాలో పాలుపోలేదు. ఊరుకుంటే ఆయన ఇలాగే పస్తుండి పోతాడు, నాయన లేడని చెబితే ఇప్పుడే పోతాడు. తర్వాత లోపలికొచ్చి పింగాణీ ట్రే ఒకటి తీసుకుని మంచం పక్కన బోర్లించి, వేళ్ళతో నాయన వరుస మొదలుపెట్టింది.

"ఏందమ్మా, ఇది ఆస్పత్రా జాతరా?" అన్నాడు పక్కమంచం పుల్లయ్య. ఆమె మొహం చూసి మళ్ళీ తానే ఊరుకున్నాడు.

బుడేన్ భుజం కదిలింది. "అన్నా... వచ్చినావా?" అన్నాడు గోడకేసి, ముద్దముద్దగా. బిగిసిన పళ్ళు విడిపోయాయి. ఫాతిమా గబుక్కున చెంచా పెట్టింది. మింగాడు! హన్నమ్మ సంబరంతో చెయ్యి ఆపింది, ఆయన నోరు మూసుకుపోయింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తెరుచుకుంది. ఇక ఆపడానికి లేదు. ఆయన తల ఇటు తిప్పితే మోసం బయటపడుతుంది.

"నన్ను పండబెట్టేటప్పుడు మా నాయన వీపు మీద ఇదే కొట్టేటోడు అక్కా" అంది గొంతు తగ్గించి.

"మా నాయన దూది ఏకేటప్పుడు ఇదే నోటితో అనుకుంటాండె" అంది ఫాతిమా. పదకొండేళ్ళ కోపం ఎటు పోయిందో, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి హన్నమ్మకు ఏడుపు ఆగలేదు. చెయ్యి తడబడింది. ఆగి పడాల్సిన దెబ్బ తొందరపడి ముందే పడిపోయింది.

బుడేన్ ఎడమచెయ్యి తడుముకుంటూ వచ్చి ట్రేను పట్టుకుంది. మెల్లగా తల ఇటు తిప్పి ఆమెను పరకాయించి చూశాడు.

"సంజీవన్న ఎప్పుడు పోయినాడు?"

"ఏందీ మాటలు నాయనా, ఆయప్ప ఊర్లోనే ఉండాడు" అంది ఫాతిమా కంగారుగా.

"అబద్ధం సెప్పాకు. బతికింటే నేను పడిపోయినానని తెల్సి ఆయప్పే వచ్చేటోడు. బిడ్డను పంపడు."

హన్నమ్మ మంచం పట్టె పట్టుకుని కూలబడింది. "చిన్నాయనా, ఆ పొద్దు మా నాయన రానిది నా సదువు కోసరం. ఆ జ్ఞానప్రకాశం..."

"తెలుసు" అన్నాడు. ఒక్కొక్క మాటకూ ఆయాసపడుతున్నాడు. "పెండ్లయిన వారానికే తెలిసింది. నీ సదువు అంటే నేనే ఆ తప్పెట అటకెక్కించేటోన్ని. ఒక్క మాట నాతో అనల్యా. నేను ఓర్చుకోలేననుకున్యాడు. అదీ నా కోపం."

కూతురివైపు చూశాడు. "నువ్వూ అట్లే అనుకున్యావు. ఆయప్ప మీద పిడికెడు మట్టి ఏసే రాత నాకు ల్యాకుండా చేసినావు గదే!"

ఫాతిమా చేతిలోని గిన్నెను హన్నమ్మ లేచి అందుకుంది.

"పెట్టు" అన్నాడు బుడేన్. "ఆళ్ళగడ్డకు పోవల్ల నేను. ఆయప్పను పూడ్చిన కాడికి పోయి, కడుపులో ఉండేదంతా తిట్టల్ల."

తనంతట తానే నోరు తెరిచాడు. మూతి పక్కనుంచి జావ సగం కారిపోతున్నా, ఏడుస్తూనే మింగాడు.