ఖాదర్ భాయ్ అడిగిన ప్రశ్న

మా ముత్తాత నర్సింహారావు గారు రఘునాథపల్లి చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత గారి ముందు చెప్పులతో నడిచినవారు లేరు. అయినా మొన్న భూపాలపల్లి దవాఖానలో నర్సు నా చేతి మీద స్పిరిట్ దూది రుద్దినప్పుడు, ఆ చల్లదనానికి, ఆ వాసనకు నాకు గుర్తొచ్చింది వాళ్లిద్దరూ కాదు. జనగామ స్టేషన్ దగ్గర టీవీలు బాగుచేసే ఖాదర్ భాయ్.

ఆయన దగ్గరికి నేను వెళ్లింది, చనిపోయిన మా నాన్న, బాపు, వాడిన కంప్యూటర్ కోసం. టీవీకి తగిలించి వాడే పాతకాలపు యంత్రం, కీబోర్డులోనే అంతా ఇమిడి ఉంటుంది. చివరి ఏడాది చేతులు వణికి కలం పట్టలేక, బాపు తన జ్ఞాపకాలను ఇంగ్లీషు అక్షరాల తెలుగులో అందులో కొట్టి రెండు టేపురికార్డరు క్యాసెట్లలో దాచారు. అవి చదివి వినిపించమని అమ్మ అడుగుతూ ఉండేది. ఒక్కో క్యాసెట్‌లోది యంత్రంలోకి ఎక్కడానికి అరగంట పట్టేది. యంత్రం ఇరవై నిమిషాలకే తెర నిండా పిచ్చి గీతలు గీసి ఆగిపోయేది.

మేమప్పుడు మహబూబాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మూడుసార్లు దాన్ని రైల్లో మోసుకొని జనగామ వెళ్లాను. ఖాదర్ భాయ్ బల్ల మీద అది పొద్దంతా నిక్షేపంగా నడిచేది, ఇంటికి తెస్తే మళ్లీ ఆగేది. మూడోసారి ఆయన నా ముఖం చూస్తూ అడిగారు.

“ఇంట్ల దీని మీద ఏమన్న కప్పుతున్నరా, దొరా?”

లేదన్నాను. మా ఇంట్లో వస్తువును ఎలా చూసుకోవాలో ఒకరు చెప్పనక్కరలేదని కూడా అన్నాను. నిజానికి పాత పల్లకి ముఖమల్‌తో కుట్టించిన ముసుగు దాని మీద ఎప్పుడూ ఉండేది. నడుస్తున్నప్పుడు కూడా మీటలు మాత్రమే కనిపించేవి. విలువైనది నలుగురి ముందు బట్టలేకుండా ఉండకూడదన్నది మా ఇంటి పద్ధతి. ఆయన అడగగానే, ఆ ముసుగు వల్లే యంత్రం వేడెక్కి ఆగుతోందేమోనని నాకు అనుమానం వచ్చింది. కానీ అబద్ధం ఆడాక ముసుగు తీస్తే, ఒప్పుకున్నట్టే. అలాగే ఉంచి, క్యాసెట్లను పదేపదే తిప్పాను.

వారం తర్వాత చెప్పకుండానే ఆయన మా ఇంటికి వచ్చారు. యంత్రం నడుస్తోంది. ముఖమల్ మీద అరచేయి ఆనించి వేడి చూశారు.

“మిషిన్‌కు గోషా పరదా పెట్టిన్రా దొరా,” అన్నారు మెల్లగా. “జర ముందుగాల చెప్తే మీకు గన్నిసార్లు రైలెక్కే పని లేకుండె.”

ముసుగు తీసినా లోపం పోలేదు. ఏళ్ల తరబడి ఉడికి లోపలేదో బలహీనపడిందన్నారు. మూత విప్పి, జుట్టు ఆరబెట్టే మిషన్‌తో ఒక్కో మూలకు వేడిగాలి పట్టించారు. ఒకచోట తెర చెదిరింది. అక్కడున్న చిప్పులను ఒక్కొక్కటిగా స్పిరిట్ దూదితో అద్దారు. నాలుగోది చల్లబడగానే అక్షరాలు కుదురుకున్నాయి.

“వేడి జేసి దొంగను బయటికి పిలవాలె, సల్లగ జేసి పేరడగాలె,” అన్నారు. తన సంచిలోని పాత బోర్డు నుంచి అలాంటి చిప్పే ఊడదీసి అతికించారు.

మొదటి క్యాసెట్ పూర్తిగా ఎక్కింది. బాపు వంశం గురించి ఒక్క ముక్కా రాయలేదు. పనివాళ్లంతా వెళ్లిపోయిన ఏడాది అమ్మ మొదటిసారి జొన్నరొట్టె చేసి మాడ్చిన సంగతి, తాను దాన్ని బాగుందని తిన్న సంగతి రాశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. రెండో క్యాసెట్ ఎక్కలేదు. నేను తిప్పి తిప్పి టేపు నలిగిపోయింది.

“ఇంకేం రాసిండ్రు మీ బాపు?” అంది అమ్మ.

“టేపు పాతదమ్మా, గట్లనే అయితది,” అని ఖాదర్ భాయ్ నాకంటే ముందే అందుకున్నారు. ఆయన నా మర్యాద కాపాడుతున్నారని అర్థమైంది. అది నాకు భరించరానిదిగా తోచింది.

“నేనే ఖరాబు చేసిన, అమ్మా. అబద్ధం చెప్పిన,” అన్నాను.

అమ్మ మొదటిది మళ్లీ చదవమంది.

ఆ తర్వాత రెండేళ్లు ఖాదర్ భాయ్ బల్ల పక్కన కూర్చొని పని నేర్చుకున్నాను. ఇప్పుడాయన లేరు. భూపాలపల్లి కార్మికుల క్వార్టర్ల ఎదుట నాకొక రిపేరు దుకాణం ఉంది. యంత్రం తెచ్చినవారు అదెలా పాడైందో చెప్పడానికి తటపటాయిస్తే, ముందు నేను పాడుచేసినదాని గురించి చెబుతాను. ఈ దుకాణం పెట్టడానికి, మా పేరున మిగిలిన ఆఖరి రెండెకరాలు అమ్మాను.