రెండు జీవితచరిత్రల మధ్య

ఓ రిటైరైన ప్రూఫ్‌రీడరు రోజూ లైబ్రరీ తలుపులు తీసేసరికే గుమ్మంలో ఉంటాడు. ఈమధ్యే పదవి దిగిన అమెరికా అధ్యక్షుడి జీవితచరిత్రలు రెండు ముందేసుకుని, చెరోదాంట్లో ఒక వేలు పెట్టి, ఇందులో ఓ పేరా, అందులో ఓ పేరా చదువుతాడు. కాలు ఊగుతూనే ఉంటుంది. గంటలో మూడు కుర్చీలు మారతాడు. ఒక రచయిత పట్టుదల అన్నదాన్నే రెండో ఆయన మొండితనం అన్నాడు. "ఇద్దరూ చూసింది ఒకే మనిషినేనా?" అని లైబ్రేరియన్‌ని నిలదీశాడు ఓ రోజు. "నన్నడిగితే ఎలా సార్? ఇంట్లోవాళ్ళని అడగాలి," అని నవ్విందావిడ.

ఆ మాట అతని బుర్ర తొలిచేసింది. మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వచ్చిన కూతుర్ని గబుక్కున అడిగాడు: "అప్పట్లో నేను మొదటి ప్రెస్సులో ఉద్యోగం విసిరికొట్టానే, అది పట్టుదలా, మొండితనమా?"

"అమ్మ పట్టుదల అనేది. అన్నయ్య మొండితనం అంటాడు."

"మరి నువ్వో?"

ఆమె చెప్పుల వంక చూసుకుంది. "ఆ ఏడాదే కదా నాన్నా, నా చదువు మాన్పించింది."

తన రాజీనామా కథ అతను వందసార్లు చెప్పుకున్నాడు. అందులో కూతురి చదువు ఒక్కసారీ రాలేదు. లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కూర్చో తల్లీ. అన్నం సంగతి తర్వాత. ఈసారి నువ్వు చెప్పు."