సంచీ పట్టుకుని ప్లాట్‌ఫాం చూసిన అక్క

బెంగాల్లో మా ఖరగ్‌పూర్‌లో చూడ్డానికి ఏముందని ఎవరైనా అడిగితే, మేం రైల్వే వాళ్లం ముందు ప్లాట్‌ఫామే చూపిస్తాం. వేరే ఊళ్లలో చుట్టాలను గుడికో కొండకో తీసుకెళ్తారు. మేం సాయంత్రం పూట స్టేషన్‌కి తీసుకెళ్తాం. అంత పొడుగుది ఇంకెక్కడా లేదని అప్పట్లో మా మగవాళ్ల గొప్ప. నేను రాయడం ఇదే మొదటిసారి. తెలిసిన చోటు కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ఎనభైల్లో మాట. బావ చనిపోయిన ఏడాది మా అక్క టెక్కలి దగ్గర నుంచి ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా ఇంటికి వచ్చింది. పిల్లల్లేరు. అత్తవారింట్లో ఆవిడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇక్కడే ఉండిపొమ్మనాలని నాకూ మా ఆయనకూ ఉంది. కానీ పెద్దదాన్ని పట్టుకుని నా పంచన ఉండమని ఎలా అనను? ఊరు నచ్చితే ఆవిడే అంటుందిలే అనుకున్నాను.

గోల్ బజార్‌లో ఫుచ్కా, అంటే ఇక్కడి పానీపూరీ, తినిపించాను. మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలని చెప్పినా వినకుండా కొరికింది. పులుపునీళ్లన్నీ చీర మీద పడ్డాయి.

"ఇదేటే, తిండా తానమా?" అంది. నవ్వింది కదా అని నాకు ధైర్యం వచ్చింది.

ఆదివారం మా ఆయన హుషారుగా అన్నాడు: "వదినా, సాయంత్రం తయారుగుండండి. టేసన్‌కి ఎల్దాం."

అక్క ముఖం చిన్నదైంది. "అలాగే బాబూ" అంది.

మా ఆయన సైకిల్ మీద ముందు వెళ్లాడు. అక్కా నేనూ రిక్షా ఎక్కాం. అక్క ఒళ్లో సంచీ ఉంది. వచ్చేటప్పుడు కూరలు కొంటుందేమో అనుకున్నాను.

మా ఆయన టికెట్లు తీసి, చేయి చాపి చూపిస్తూ ముందు నడిచాడు. "సూడండి వదినా! ఈ సివర నిలబడితే ఆ సివర కనపడదు."

అక్క తలెత్తలేదు. సగం దూరం వెళ్లాక ఆగి నన్ను అడిగింది.

"నా బండి ఎన్నింటికే?"

"నీ బండేటి?"

"ఊరెల్లేది. మరిది టికెట్ తీసినాడు కదా."

"అది ప్లాట్‌ఫాం టికెట్టే! సూడ్డానికి వచ్చినాం."

"టేసన్ సూడ్డానికి వత్తారేటే ఎవులైనా? నన్ను ఎల్లిపొమ్మన్నారనుకుని పొద్దున్నే బట్టలు సర్దీసినాను."

మా ఆయన వెనక్కొచ్చి, సంగతి విని నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో వదినా! ఊరు నచ్చితే ఉండిపోతారని ఇక్కడికి తెచ్చినాం. పంపీడానికి కాదు."

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ ముక్క ఇంటికాడ సెప్పనేకపోనారా? ఇంత దూరం నడిపించాలా?"

బెంచీ మీద కూర్చుని కారం మరమరాలు తిన్నాం, మట్టి ముంతల్లో టీ తాగాం. అక్క ఊరి వైపు వెళ్లే బండి వచ్చింది. అక్క దాన్ని చివరి పెట్టె దాకా చూసింది. నమలడం మాత్రం ఆపలేదు. అది వెళ్లిపోయాక లేచి సంచీ మా ఆయన చేతికిచ్చింది.

"ఇదట్టుకోండి బాబూ. బరువుగుంది. ఆ సివరకంటా ఎల్దాం, అదీ సూసీద్దాం."

తొంభైల్లో దుర్గా పూజల లైట్లు చూడ్డానికి చుట్టాలొస్తే ఊరంతా అక్కే తిప్పేది. ఫుచ్కా ఎలా తినాలో అందరికీ నేర్పేది. స్టేషన్‌కి బయల్దేరేముందు గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పేది:

"సంచీలు ఇంట్లో ఎట్టీసి రండమ్మా. మిమ్మల్నెవులూ ఎల్లమన్లేదు."