రంగు పోయిన నీళ్లు

నిరుడు అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సులో అచ్యుతాపురం బస్సెక్కితే, పక్క సీటులో ఒక అమ్మాయి ఒళ్లో రెండు సీసాలు పెట్టుకుని కూర్చుంది. ఒకదానిలో ఏదో అద్దకం కంపెనీ వదిలిన ఎర్రనీళ్లు. రెండోదానిలోనూ అవే నీళ్లట, కానీ తేటగా ఉన్నాయి. అడుగున మసిలాంటి పొడి పేరుకుంది.

"చెరకు పిప్పి కాల్చి మా ల్యాబులో చేసిన నానో కార్బనండి. రంగుని పట్టేసుకుంటాది," అంది.

ఎదుట చేపల గంపతో ఉన్న ముసలామె విని, "అంత తేటగుంటే తాగి సూపించమ్మా," అంది.

"తాగనత్తా. నిన్న ల్యాబులో అందరి ముందూ మా సారూ తాగమన్నారు. తాగనన్నాను. పోయింది రంగే. విషం పోయిందో లేదో ఇంకా తేలలేదు."

"రంగు పోతే సాలదేటి?"

"రంగు చూసి చేప చచ్చిపోదు కదత్తా."

ముసలామె గంప మీద చెయ్యి వేసుకుంది.

నేను పనిచేసేదీ అద్దకం కంపెనీలోనే. వాడిన నీళ్లు బయటికి వదిలే వాల్వు దగ్గర నా డ్యూటీ. మొన్న సూపర్‌వైజర్ వచ్చి, "టెస్టు సంగతి తర్వాత చూద్దాం. నీళ్లు తేటగానే ఉన్నాయి కదా, వదిలెయ్," అన్నాడు.

"ముందు మీరో గ్లాసుడు తాగండి సార్," అన్నాను.

వాల్వు ఇంకా మూసే ఉంది.